గ్యాస్ గారికి క్షమాపణ పత్రం

గౌరవనీయులైన గ్యాస్ గారికి,

పదకొండేళ్ళుగా చేయని నేరాలన్నీ మీ మీద మోపినందుకు మా ఇంటిల్లిపాది తరఫున క్షమాపణ చెప్పుకుంటున్నాను.

కడుపు ఉబ్బితే మీరే అన్నాం. అంతవరకు సబబే. తలనొప్పి వస్తే గ్యాస్ తలకెక్కింది అన్నాం. అరికాళ్ళు తిమ్మిరెక్కితే, గ్యాస్ కాళ్ళలోకి దిగిందని మా మామయ్య తేల్చేశారు. కడుపులో గాలి అరికాలి దాకా ఏ దారిన వెళ్ళిందని ఎవరూ అడగలేదు. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు, అడిగే ధైర్యం ఎవరికుంది? నోట్లో పుండ్లు, మోచేతుల మీద దురద పొక్కులు, పొద్దున లేవగానే నీరసం, అన్నిటికీ ఒకే ముద్దాయి. డాక్టర్లూ తక్కువ తినలేదు. వెళ్ళిన ప్రతిచోటా చీటీ మీద మీ పేరే, కింద ఒక మాత్ర.

రెండేళ్ళు ఐరన్ బిళ్ళలు మింగాను. హిమోగ్లోబిన్ 8 దగ్గర కూర్చుని లేవనంది. అందులోనూ మీ హస్తం ఉందనే అనుకున్నాం, మన్నించండి.

అసలు తప్పు నాది. ఒక్కో బాధనీ ఒక్కో గుమ్మంలో చెప్పాను. పుండ్లు పళ్ళ డాక్టరుకి, పొక్కులు చర్మం డాక్టరుకి, తిమ్మిర్లు నరాల డాక్టరుకి. అన్నీ ఒకే కాగితం మీద రాసుకురమ్మన్న మొదటి మనిషి ఒక జీర్ణకోశ వైద్యురాలు. ఆ కాగితం చూసి ఆవిడ సీలియాక్ వ్యాధి పేరెత్తారు. నూటికి ఒకరికి ఉండే జబ్బట. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్ళగానే ఒంట్లోని రక్షణ వ్యవస్థ రెచ్చిపోయి సొంత చిన్నపేగునే కొడుతుంది. మఖమల్ నూగులా ఉండే చూషకాలు అరిగిపోతాయి. ఇక ఐరన్ ఎక్కడ ఇంకుతుంది? నా బిళ్ళలు ఎటు పోయాయో అప్పుడు తెలిసింది.

"నాకు విరేచనాలు లేవు, పైగా లావుగా ఉన్నాను కదండీ" అన్నాను. ఈ జబ్బుతో మలబద్ధకం ఉన్నవాళ్ళూ, లావుగా ఉన్నవాళ్ళూ తన దగ్గరికి వస్తూనే ఉంటారన్నారు.

ఇక్కడ నా తెలివి చూడండి. పరీక్షకు ముందే గోధుమ మానేశాను. రెండు నెలలు హాయిగా ఉంది. ఆ ఊపులో రక్తం ఇవ్వడానికి వెళితే డాక్టరమ్మ తల పట్టుకున్నారు. మానేస్తే ఆ రక్షణ వ్యవస్థ తయారుచేసే, పరీక్షలో వెతికే యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు కోలుకోవడం మొదలుపెడుతుంది, జబ్బున్నా రిపోర్టు శుభ్రంగా రావచ్చు. ఇల్లంతా కడిగేసి పోలీసుల్ని పిలిచి వేలిముద్రలు వెతకమన్నట్టు చేశాను. శిక్షగా మళ్ళీ ఆరు వారాలు, రోజుకు ఒక పూటకు మించి గోధుమ తినమన్నారు. ఆ ఆరు వారాలూ ఇంట్లో మీ నామస్మరణే.

తరువాత రక్తంలో టీటీజీ ఐజీఏ చూశారు, ఈ జబ్బులో పెరిగే ఐజీఏ రకం యాంటీబాడీ అది. దానితోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా. కొందరికి ఐజీఏ తయారవడమే తక్కువ, వాళ్ళకు మొదటి పరీక్ష ఊరికే నెగెటివ్ వస్తుందట. ఆపైన ఎండోస్కోపీ, పేగు మొదట్లోంచి నాలుగైదు చిన్న ముక్కలు. అప్పుడు దొరికాడు దొంగ.

ఈలోగా మా కజిన్ ఒకడు "రెండు వందల పదార్థాల ఇంటాలరెన్స్ టెస్టు" చేయించుకుని, పడనివాటి జాబితా పట్టుకొచ్చాడు. చూస్తే వాడు రోజూ తినేవే ఎక్కువ. అందులో కొలిచే ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ చెప్పేది ఏం తిన్నామన్నదే, ఏది పడదన్నది కాదట. వాడు మాత్రం అన్నీ మానేసి నీళ్ళు తాగుతున్నాడు. జన్యుపరీక్ష సంగతి వేరు. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు రకాలు రెండూ లేకపోతే ఈ జబ్బు దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం ఏమీ తేలదు, ముగ్గురిలో ఒకరికి ఎలాగూ ఉంటాయి.

అన్నట్టు, పరీక్షలన్నీ బాగున్నా గోధుమ తింటే బాధపడేవాళ్ళూ ఉన్నారు. దానికి ప్రత్యేకంగా పరీక్ష లేదు, మిగతావి కాదని తేల్చుకున్నాకే ఆ మాట అనాలి. గోధుమ ఎలర్జీ మరో కథ.

రక్తసంబంధీకులూ చూపించుకోవాలంటే అక్కను తీసుకెళ్ళాను. తనకు కడుపులో ఏ గొడవా లేదు, చివరికి మీరు కూడా లేరు. రక్తహీనత ఒక్కటే. రిపోర్టు పాజిటివ్.

మామయ్య సంగతి చెబితే మీకు బాధ కలుగుతుంది. మొన్న ఆయనకు ఎక్కిళ్ళొచ్చాయి. "గ్లూటెన్" అన్నారు. మోకాలు నొప్పికీ అదే మాట. పరీక్ష ఊసు లేకుండా గోధుమ మానేశారు. మీ పదవికి ఎసరొచ్చినట్టే.

ఇట్లు,
మీ మాజీ ఫిర్యాదుదారు

తా.క.: నిన్న రాత్రిది మాత్రం మీ పనే. చిక్కుడు గింజలు కాస్త ఎక్కువే తిన్నాను.