సరిహద్దు గీత నేల మీద, నీటి దారి నేల కింద

న్యూజిలాండ్ ఉత్తర దీవిలో తౌపో సరస్సుకు చేరువలో వైరాకీ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఒక లోయకు గీజర్ లోయ అని పేరు. మరిగే నీరు ఉండుండి నేలను చీల్చుకుని పైకి చిమ్మే దృశ్యాన్ని చూడటానికి ఒకప్పుడు దూరదేశాల నుంచి యాత్రికులు వచ్చేవారు. 1950లో ఆ చుట్టుపక్కల లోతైన బోర్లు వేయడం మొదలైంది. 1958లో భూమి లోపలి వేడితో నడిచే విద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. 1960ల చివరికి లోయలోని గీజర్లు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. భూగర్భంలో నీటి పీడనం 20 బార్లకు పైగా (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) పడిపోయింది. ఒకచోట నేల 15 మీటర్ల దాకా కుంగింది. విద్యుత్ కేంద్రం మాత్రం ఆరు దశాబ్దాలకు పైగా కరెంటు ఇస్తూనే వచ్చింది. ఆ లోయ గీజర్లు మళ్లీ లేవలేదు.

మన ఇళ్లలో గీజర్ అంటే స్నానాల గదిలో నీళ్లు కాచే పరికరం. ఆ మాట ఐస్‌లాండ్‌లో గెయ్‌సిర్ అనే ఒక్క ఊట పేరు నుంచి పుట్టింది. వేడినీటి బుగ్గలు ప్రపంచంలో వేలాదిగా ఉన్నా, నిజమైన గీజర్లు సుమారు వెయ్యి మాత్రమే ఉన్నాయి. ఇంత అరుదు కావడానికి కారణం తెలిస్తే, వాటికి బోర్ల వల్ల ఎందుకంత ప్రమాదమో కూడా తెలుస్తుంది. గీజరుకు అడుగున తీవ్రమైన వేడి, ఎడతెగని నీరు, ఆ నీటిని పట్టి ఉంచే ఇరుకైన గొట్టం లాంటి మార్గం కావాలి. వేడినీరు రాతిలోని సిలికాను కరిగించుకుని పైకి వస్తూ, వందల నుంచి వేల ఏళ్లుగా ఆ మార్గం గోడలకు పూత పూస్తుంది. పైనున్న నీటి బరువు వల్ల అడుగు నీరు సులభంగా మరగదు. వంద మీటర్ల లోతున అది మరగాలంటే దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. అంతటి వేడి చేరి, పైన కొంత నీరు పొర్లిపోయి, పీడనం కాస్త తగ్గిన క్షణంలో అడుగున నిలిచిన నీరు ఒక్కసారిగా ఆవిరై మొత్తం నీటి స్తంభాన్ని ఆకాశంలోకి విసురుతుంది. ఈ తూకం ఎంత సున్నితమైనదంటే, భూగర్భ నీటిమట్టం కొన్ని మీటర్లు దిగినా గీజరు మామూలు ఆవిరి రంధ్రంగా మారిపోవచ్చు. వైరాకీలో జరిగింది సరిగ్గా ఇదే. లోయలో గీజర్లు ఆగిపోతున్న కాలంలోనే, కొద్ది దూరంలోని కారాపిటి వద్ద నేల నుంచి వెలువడే ఆవిరి పలు రెట్లు పెరిగింది. వేడి ఎక్కడికీ పోలేదు, దాన్ని మోసే నీరు తగ్గిపోయింది.

జియోథర్మల్ విద్యుత్తుకు, అంటే భూమి లోపలి వేడితో తీసే కరెంటుకు, నేను వ్యతిరేకిని కాను. బొగ్గు తగలబెట్టకుండా, ఎండతో గాలితో నిమిత్తం లేకుండా, రాత్రింబవళ్లు ఒకే తీరున కరెంటు ఇచ్చే వనరులు మనకు ఎక్కువ లేవు. వాతావరణ మార్పు భయపెడుతున్న ఈ రోజుల్లో దాన్ని వద్దనడం బాధ్యత అనిపించుకోదు. అయితే ఒక మెగావాట్ విద్యుత్తును ఇక్కడ కాకపోతే మరోచోట, భూమి లోపలి వేడితో కాకపోతే సౌరశక్తితో ఉత్పత్తి చేసుకోగలం. ఆగిపోయిన గీజరును ఏ ఇంజినీరూ తిరిగి కట్టలేడు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచే పద్ధతిలోనే అసలు పొరపాటు ఉంది. కాబట్టి రక్షణ అన్నది బోరు వేసిన తరువాత చేసే పర్యవేక్షణగా కాక, బోరు వేయడానికి ముందే చట్టంలో రాసిన హద్దుగా ఉండాలి. ఆ హద్దు పార్కు కంచె దగ్గర ఆగకూడదు.

ఈ సంగతిని అమెరికాలోని యెల్లోస్టోన్ చరిత్ర స్పష్టంగా చెబుతుంది. 1872లో ఏర్పడిన ఆ జాతీయ పార్కులో పది వేలకు పైగా వేడినీటి బుగ్గలు, బురద గుంటలు, ఆవిరి రంధ్రాలు ఉన్నాయి. ప్రపంచంలోని గీజర్లలో సగం దాకా అక్కడే ఉన్నాయి. పార్కు లోపల బోరు వేయడం గురించి ఎవరూ మాట్లాడరు. గొడవంతా సరిహద్దు బయట మొదలైంది. ప్రభుత్వ భూముల్లో జియోథర్మల్ లీజులకు దారి తీసిన చట్టం 1970లో వచ్చాక, పార్కు పడమటి అంచున ఐడహో వైపు ఉన్న ఐలండ్ పార్క్ ప్రాంతానికి లీజు దరఖాస్తులు వచ్చాయి. 1986లో ఉత్తర సరిహద్దు అవతల, మోంటానాలో, లా డ్యూక్ అనే వేడినీటి ఊట పక్కన ఒక మత సంస్థ తన సొంత భూమిలో బోరు వేసింది. సరిహద్దు గీతను నేల మీద గీసిన వారికి, దాని కింద నీరు ఏ దారిన ప్రవహిస్తుందో తెలుసుకునే వీలు ఆనాడు లేదు. ఆ నీటికీ పార్కులోని మామత్ ఊటలకూ సంబంధం ఉందా అన్న ప్రశ్న లేచినప్పుడు, కచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా సిద్ధంగా లేదు.

1988లో అమెరికా కాంగ్రెస్ 1970 నాటి ఆ లీజుల చట్టాన్ని సవరించింది. 16 జాతీయ పార్కు ప్రాంతాల్లోని గీజర్లు, వేడినీటి ఊటలు వంటి ముఖ్యమైన ఉష్ణ విశేషాలను గుర్తించి, వాటికి గణనీయమైన హాని కలిగించే అవకాశం ఉంటే లీజు ఇవ్వకూడదని నిర్దేశించింది. ఇది మంచి అడుగు. కానీ అది ప్రధానంగా ప్రభుత్వం లీజుకిచ్చే భూములను ఉద్దేశించినది. లా డ్యూక్ బోరు మాత్రం ప్రైవేటు భూమిలో పడింది. యెల్లోస్టోన్ చుట్టూ మరింత గట్టి రక్షణ కల్పించేందుకు 1990ల మొదట్లో, అక్కడి ప్రసిద్ధ గీజరు పేరుతో వచ్చిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ రక్షణ బిల్లును ప్రతినిధుల సభ ఆమోదించినా అది చట్టం కాలేకపోయింది. ఆ లోటును కొంత పూడ్చింది నీటి హక్కుల మీద జాతీయ పార్కుల సంస్థ, మోంటానా రాష్ట్రం 1994లో ఖాయం చేసుకున్న ఒప్పందం. పార్కును ఆనుకున్న ప్రాంతాన్ని అది నియంత్రిత భూగర్భజల మండలంగా గుర్తించి, అక్కడ కొత్తగా తోడే నీటిని, ముఖ్యంగా వెచ్చని నీటిని, ప్రత్యేక పరిశీలనకు లోబరిచింది. భూమి ఎవరిదైనా కింద ఉన్న నీటి వ్యవస్థ ఒక్కటేనన్న గుర్తింపు ఆ ఒప్పందంలో ఉంది. నా దృష్టిలో 1988 సవరణ కంటే దాని విలువ ఎక్కువ.

గీజర్లు చూడముచ్చటైన వింతలు మాత్రమే కదా, వాటి కోసం ఇంత ఇంధనాన్ని వదులుకోవాలా అని అడిగేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి. 1966లో థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త యెల్లోస్టోన్‌లోని ఒక వేడినీటి ఊట నుంచి థెర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియాను సేకరించారు. చాలా జీవులు బతకలేని వేడిలో అది హాయిగా బతుకుతుంది. దానిలోని ఎంజైమ్ వేడికి చెదరదు కనుకే, డీఎన్ఏను కోట్ల ప్రతులుగా పెంచే పీసీఆర్ పద్ధతి సులువుగా, విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. కోవిడ్ రోజుల్లో ఊరూరా ముక్కులోంచి నమూనా తీసి చేసిన ఆర్‌టీపీసీఆర్ పరీక్షకు మూలం ఆ పద్ధతే. ఆ ఊట ఇంకిపోయి ఉంటే మనం ఏం పోగొట్టుకున్నామో కూడా మనకు తెలిసేది కాదు.

పరిశ్రమ వైపు నుంచి వచ్చే గట్టి సమాధానం ఒకటుంది: వాడిన నీటిని తిరిగి భూమిలోకే పంపిస్తాం, కాబట్టి పీడనం తగ్గదు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. వైరాకీలో తొలి దశాబ్దాల్లో వాడిన నీటిని వైకాటో నదిలోకి వదిలేశారు; ఇప్పటి కేంద్రాలు అంతకన్నా ఎంతో మెరుగ్గా నడుస్తున్నాయి. కానీ తిరిగి పంపే నీరు చల్లారినది, అది దిగే చోటు వేరు, చేరే లోతు వేరు. విద్యుత్ కేంద్రానికి కావలసింది లోతైన జలాశయంలో మొత్తం మీద నిలకడ. గీజరుకు కావలసింది తన సన్నని గొట్టంలో ఫలానా మట్టం, ఫలానా వేడి. మొదటిది కాపాడినంత మాత్రాన రెండోది నిలుస్తుందన్న హామీ లేదు. నెవాడాలోని బియోవావి ఒకప్పుడు అమెరికాలో యెల్లోస్టోన్ తరువాత చెప్పుకోదగ్గ గీజర్ క్షేత్రం. బోర్లు, ఆపై విద్యుత్ కేంద్రం వచ్చాక అక్కడ గీజర్లు లేవు. అదే రాష్ట్రంలోని స్టీమ్‌బోట్ ఊటల గీజర్లు 1980ల చివర్లో ఆగిపోయాయి.

మేలుకుంటే ఫలితం ఉంటుందని చెప్పే ఊరు కూడా న్యూజిలాండ్‌లోనే ఉంది. రోటోరువాలో విద్యుత్ కేంద్రం లేదు. ఇళ్లు, హోటళ్లు, ఈత కొలనులు వెచ్చబరచుకోవడానికి జనం పెరట్లో వేసుకున్న వందలాది బోర్ల వల్లే ఫకరెవరెవ లోయలోని గీజర్లు బలహీనపడ్డాయి. తరతరాలుగా ఆ ఊటల్లోనే వండుకుంటూ, ఆ నీటితోనే స్నానం చేస్తూ బతికిన మావోరీ కుటుంబాలకు అది ఇంటి పొయ్యి ఆరిపోవడం లాంటిది. ప్రభుత్వం 1986లో కఠిన నిర్ణయం తీసుకుంది: ఆ లోయలోని పొహుటు గీజరు చుట్టూ 1.5 కిలోమీటర్ల లోపు బోర్లను మూసివేయించింది, మిగిలిన బోర్లకు రుసుము విధించింది. నీటిమట్టం లేచింది. ఊటలు మళ్లీ జీవం పోసుకున్నాయి. 1979లో నిలిచిపోయిన పాపకురా గీజరు 2015లో తిరిగి చిమ్మింది. 36 ఏళ్లు పట్టింది, పైగా కోలుకోనివి కూడా ఉన్నాయి. అయినా వైరాకీకి లేని అవకాశం దీనికి దక్కింది, ఎందుకంటే ఇక్కడ గొట్టాలు పూర్తిగా చెడకముందే చేతులు ఆగాయి.

ఈ రెండు అనుభవాల తరువాత వైరాకీ ఉన్న వైకాటో ప్రాంతపు స్థానిక పాలక మండలి తన పరిధిలోని జియోథర్మల్ వ్యవస్థలన్నిటినీ వర్గాలుగా విడదీసింది. కొన్నిటిని అభివృద్ధికి, కొన్నిటిని పరిమిత వాడకానికి, కొన్నిటిని పరిశోధనకు కేటాయించి, ఒరాకీ కొరాకో, వాయిఒటాపు వంటివాటిని రక్షిత వ్యవస్థలుగా ప్రకటించింది. నాకు అన్నిటికన్నా ఆచరణయోగ్యంగా తోచిన పద్ధతి ఇదే. వైరాకీ ఇప్పటికే పోయింది కనుక అక్కడ విద్యుత్తు తీసుకోండి, ఒరాకీ కొరాకో జోలికి మాత్రం రాకండి అని అది సూటిగా చెబుతుంది. ప్రతి దరఖాస్తుకూ విడివిడిగా పోరాడే అవసరం తప్పుతుంది. పెట్టుబడిదారుకు కూడా ఎక్కడికి వెళ్లవచ్చో ముందే తెలుస్తుంది. చిలీలో ఇలాంటి విభజన లేకపోవడం వల్లే 2009 సెప్టెంబరులో ఎల్ టాటియో గీజర్ క్షేత్రానికి సమీపంలో అన్వేషణ బోరు అదుపు తప్పి, దాదాపు 60 మీటర్ల ఎత్తున ఆవిరి వారాల తరబడి ఎగజిమ్మిన తరువాత గానీ పని ఆగలేదు.

మన దేశానికి ఈ ప్రశ్న ఇక దూరపుది కాదు. 2025 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం జియోథర్మల్ శక్తిపై జాతీయ విధానాన్ని ప్రకటించింది. 10 వేల మెగావాట్లకు పైగా సామర్థ్యం ఉందన్న అంచనా చాలా కాలంగా వినిపిస్తోంది. మన పొరుగునే, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర పగిడేరులో, బోరులోంచి వచ్చే వేడినీటితో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది. గీజర్లు లేని చోట, బొగ్గు నిక్షేపాల మధ్య, ఇంత చిన్న స్థాయిలో చేసే ప్రయోగాన్ని స్వాగతించాలి. లద్దాఖ్‌లోని పుగా లోయ సంగతి వేరు. 4 వేల మీటర్లకు పైగా ఎత్తున, చాంగ్పా పశుపోషకులు మందలు మేపుకునే ఆ లోయలో మరిగే ఊటలున్నాయి. అక్కడ ఒక మెగావాట్ ప్రయోగానికి ఓఎన్‌జీసీ 2021లో ఒప్పందం కుదుర్చుకుంది. 2022లో బోరు వేస్తుండగా వేడి ద్రవం ఉధృతంగా పైకి తన్నుకొచ్చి వాగులో కలవడంతో పని ఆపాల్సి వచ్చింది.

పక్క పొలంలో బోరు పడితే తన బావి ఎందుకు ఎండిందో రాయలసీమ రైతుకు ఎవరూ వివరించనక్కరలేదు. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయరాదన్న నియమం మన 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో ఉంది. భూమి సొంతదైనా నీరు అందరిదన్న ఆ సూత్రాన్ని వేడినీటి బుగ్గలకు వర్తింపజేయడం కొత్త ఆలోచనేమీ కాదు. పుగా, హిమాచల్ ప్రదేశ్‌లోని మణికరణ్ వంటి చోట్ల మరో బోరుకు అనుమతి ఇచ్చే ముందు ఊటల ప్రవాహాన్నీ వేడినీ అన్ని ఋతువుల్లో, కొన్నేళ్లపాటు కొలిచి ఆ లెక్కలను బహిరంగంగా పెట్టాలి. హాని జరగదని నిరూపించే భారం బోరు వేసేవారి మీద ఉండాలి. ఏ బుగ్గలను ఎన్నటికీ తాకకూడదో తేల్చే జాబితా మొదటి వాణిజ్య లీజు కంటే ముందు రావాలి.