జపాన్ భార్యల ఇంటిపేరు మీద పెత్తనం ఎవరిది?

పెళ్లయిన జంటకు ఒకే ఇంటిపేరు ఉండాలన్నది జపాన్ చట్టం. అది భర్తదైనా సరే, భార్యదైనా సరే అంటుంది సివిల్ కోడ్ 750వ సెక్షన్. చదవడానికి బాగానే ఉంది. తీరా చూస్తే దాదాపు 95 శాతం జంటల్లో పేరు వదులుకునేది ఆడవాళ్లే. ఎవరి పేరు వాళ్లు ఉంచుకునేలా చట్టం మార్చండి అంటే చాలు, తరతరాల సంప్రదాయం కూలిపోతుందని అక్కడి ఛాందసులు గగ్గోలు పెడతారు.

ఎన్ని తరాలండీ? మామూలు జనం అధికారికంగా ఇంటిపేరు పెట్టుకోవడానికి అనుమతి వచ్చిందే 1870లో. ఎవరూ పెద్దగా పట్టించుకోకపోతే 1875లో తప్పనిసరి చేశారు. వరిమడి నడుమ అనే అర్థమున్న తనకా, కొండ వాకిలి అనే అర్థమున్న యమగుచి లాంటి పేర్లు ఊరూరా రిజిస్టర్లకెక్కాయి. ఆ మరుసటి ఏడాదే, 1876లో, పెళ్లయినా భార్య పుట్టింటి పేరే వాడాలని సాక్షాత్తూ ప్రభుత్వమే చెప్పింది! 1898లో వచ్చిన సివిల్ కోడ్ దాన్ని తిరగేసి, ఇంటి యజమాని కింద అందరికీ ఒకే పేరు కట్టబెట్టింది. 1947లో యజమాని హోదా పోయింది, పేరు ముడి మాత్రం మిగిలింది. అన్నట్టు, చక్రవర్తి కుటుంబానికి అసలు ఇంటిపేరే లేదు.

పిల్లలు అయోమయపడతారు, ఆఫీసులో పాత పేరు వాడుకోనిస్తున్నాం కదా అన్నది అవతలి వాదన. ఆ వాడుక సంగతే చూద్దాం. పాస్‌పోర్టులో పుట్టింటి పేరు బ్రాకెట్లలో వేస్తారు గానీ లోపలి చిప్‌లో అది ఉండదు. విదేశంలో పాత పేరు మీద హోటల్ బుక్ అయితే, ఆ మనిషి తానేనని ఆమే కౌంటర్ దగ్గర నిరూపించుకోవాలి. ఈ తలనొప్పి భరించలేక బడా కంపెనీల సమాఖ్య కెయిదాన్‌రెన్ కూడా 2024 జూన్‌లో చట్టం మార్చమంది. ఇంకో విచిత్రం, విదేశీయుణ్ణి చేసుకుంటే ఈ నిబంధన వర్తించదు. టోక్యోలో మన తెలుగు ఇంజినీరును పెళ్లాడిన జపాన్ అమ్మాయి పేరు పదిలం. పక్కవీధి సుజుకీని పెళ్లాడితే మాత్రం ఇద్దరిలో ఒకరి పేరు పోవాల్సిందే. అప్పుడు కూలని కుటుంబం ఇప్పుడెందుకు కూలుతుంది?

అసలు జబ్బు ‘కొసెకి’ అనే కుటుంబ రిజిస్టర్‌ది. మనుషుల్ని ఇంటి లెక్కన రాసుకునే ప్రభుత్వం పేర్లను తన సొత్తు అనుకుంటుంది. భార్యలు పుట్టింటి పేరే ఉంచుకునే కొరియాలో, 1940లో, జపాన్ వలస పాలకులు ఇంటికో పేరు రుద్దింది ఈ బుద్ధితోనే. 2025 మే నుంచి పేరు పలికే తీరును కూడా కొసెకిలో నమోదు చేస్తున్నారు, అక్షరాలకు పొంతన లేని పలుకును ఒప్పుకోరు.

1996లోనే న్యాయశాఖ సలహా మండలి ఎవరి పేరు వాళ్లు ఉంచుకునే వీలివ్వమంది. సుప్రీంకోర్టు 2015లో, 2021లో బంతిని పార్లమెంటు కోర్టులోకి నెట్టింది. 2025లో ప్రతిపక్షాల బిల్లులు ఓటింగ్ దాకా రానేలేదు. ఆ అక్టోబరులో ప్రధాని అయిన సనాయె తకాయిచి ఈ మార్పుకు బద్ధ వ్యతిరేకి. 2021లో మాజీ భర్తను మళ్లీ పెళ్లాడినప్పుడు పేరు మార్చుకున్నది ఆయన. ఆమె మాత్రం తకాయిచిగానే ఉన్నారు.