గడువు తీరిన పీఆర్ కార్డుతో ఇంటిదారి

కెనడాకు వచ్చిన మన వాళ్ళు పీఆర్ (పర్మనెంట్ రెసిడెంట్, అంటే శాశ్వత నివాసి) కార్డు చేతికందేదాకా రోజూ పోస్ట్ బాక్సు చూసుకుంటారు. అందిన తర్వాత జాగ్రత్తగా బీరువాలో పెట్టి మరిచిపోతారు. ఉద్యోగాలు, పిల్లల బడులు, ఇంటి లోను, వీటి మధ్య ఐదేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. ఇండియాలో ఉండగా కార్డు గడువు తీరిపోయిందని కంటపడితే మాత్రం ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అయితే మన పీఆర్ పోయినట్టేనా?"

పోలేదు. ఈ ఒక్క ముక్క ప్రతి తెలుగు కుటుంబానికీ తెలియాలి. కార్డు గడువు తీరితే పీఆర్ హోదా తీరిపోదు. 2002 జూన్ 28న అమల్లోకి వచ్చిన వలస, శరణార్థుల రక్షణ చట్టం 27వ సెక్షన్‌లో, పర్మనెంట్ రెసిడెంట్‌కి కెనడాలోకి వచ్చే హక్కు, ఉండే హక్కు ఉన్నాయని సూటిగా రాసి ఉంది. 19వ సెక్షన్ ప్రకారం, వచ్చిన మనిషి పీఆరేనని సరిహద్దులో ఆఫీసర్‌కి నమ్మకం కుదిరితే లోపలికి రానివ్వాల్సిందే. కార్డు గడువులో ఉండాలన్న షరతు అక్కడ లేదు. హోదా పోవాలంటే మనమే వదులుకోవాలి, లేదా పౌరసత్వం తీసుకోవాలి, లేదా అధికారులు మనకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకుని, అప్పీలు దారి కూడా ముగిసిపోవాలి.

మరి ఇబ్బంది ఎక్కడ? అదే చట్టంలోని 31వ సెక్షన్ దగ్గర. కెనడా బయట ఉన్న మనిషి చేతిలో చెల్లే కార్డు లేకపోతే, రుజువయ్యేదాకా ఆ మనిషికి పీఆర్ హోదా లేదనే అనుకోవాలని అది చెబుతుంది. సరైన కాగితాలు లేని ప్రయాణికుడిని తీసుకొస్తే విమానయాన సంస్థ మీద 3,200 డాలర్ల దాకా ఫీజు పడవచ్చు. ఆ భారం నెత్తిన పెట్టుకోవడానికి ఏ చెక్-ఇన్ ఉద్యోగీ సిద్ధంగా ఉండరు. వాళ్ళను తప్పు పట్టలేం కూడా. బస్సు కంపెనీలైనా, రైళ్ళైనా అంతే. సొంత కారు, అడిగి తెచ్చుకున్న కారు, అద్దె కారు, కాలినడక, వీటికి మాత్రం ఈ అడ్డు లేదు. అందుకే అమెరికాలో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీదుగా సరిహద్దు దాటి ఇంటికి రావడం ఏళ్ళుగా నడుస్తున్న దారి. ఫోర్ట్ ఈరీ దగ్గర పీస్ బ్రిడ్జి, విండ్సర్ దగ్గర అంబాసిడర్ బ్రిడ్జి, సర్రే దగ్గర పీస్ ఆర్చ్... ఈ పేర్లు అందుకే మన వాట్సాప్ గ్రూపుల్లో నలుగుతుంటాయి.

నాకు బాగా దగ్గరైన ఒక జంట సంగతి చెబుతాను. తండ్రికి సీరియస్‌గా ఉందని కబురు వస్తే ఇద్దరూ ఉన్నపళంగా హైదరాబాద్ వెళ్ళారు. ఆసుపత్రి, ఆ తర్వాత కర్మకాండలు, ఆ తర్వాత తల్లి ఒంటరిగా ఎలా ఉంటుందన్న బెంగ. అన్నీ ఓ కొలిక్కి వచ్చేసరికి ఇద్దరి కార్డులకూ గడువు తీరిపోయింది. ఒకే రోజు కెనడాలో ల్యాండ్ అయి పీఆర్ అయిన వాళ్ళు కాబట్టి కార్డుల మీద తేదీలు కూడా ఒకటే. శంషాబాద్ కౌంటర్‌లో అమ్మాయి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, తేదీ కింద గోరుతో గీసి చూపించి, "సారీ అండీ, బోర్డింగ్ ఇవ్వలేం" అంది. తూకం వేసిన పెట్టెలు బెల్టు మీద నుంచి మళ్ళీ వెనక్కి దింపించారు.

అతనికి పాత ఉద్యోగంలో ఆఫీసు పని మీద తీసిన అమెరికా విజిటర్ వీసా ఇంకా చెల్లుతోంది. ఆమెకు లేదు. అతను న్యూయార్క్ మీదుగా బఫెలోలో దిగి, టాక్సీలో అమెరికా వైపు నయాగరాకు చేరి, పెట్టె లాక్కుంటూ రెయిన్‌బో బ్రిడ్జి మీద నడిచి వచ్చాడు. కెనడా వైపు ఆఫీసర్ పాస్‌పోర్టు, గడువు తీరిన కార్డు, ల్యాండింగ్ నాడు పీఆర్ హోదాను ధ్రువీకరిస్తూ ఇచ్చిన సీఓపీఆర్ కాగితం తీసుకుని కంప్యూటర్‌లో చూశాడు. ఎప్పుడు వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, ఇక్కడ ఏం పని చేస్తారు అని అడిగాడు. కాసేపు లోపల కూర్చోబెట్టారు. తర్వాత "ఈసారి రెన్యూ చేసుకుని వెళ్ళండి" అని కాగితాలు చేతికిచ్చారు. అంతే, ఇంటికి వచ్చేశాడు.

ఆమె హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్‌లో, చెల్లే కార్డు లేని పీఆర్‌లు తిరిగి రావడానికి వాడే పర్మనెంట్ రెసిడెంట్ ట్రావెల్ డాక్యుమెంట్‌కి, అదే అందరూ పీఆర్‌టీడీ అనేదానికి, 50 డాలర్లు కట్టి, ఐదేళ్ళ ప్రయాణాల లెక్క రాసిచ్చి ఎదురుచూడడం మొదలుపెట్టింది. కెనడాలో ఆమె ఉద్యోగం సంగతి ఏమవుతుందో తెలియని స్థితి. ఒకరోజు ఫోన్‌లో ఆమె భర్తతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "మీకు అమెరికా వీసా ఉంది కాబట్టి కెనడాలో మన ఇంటికి వెళ్ళారు. మీ పీఆర్‌కీ నా పీఆర్‌కీ తేడా ఏముందండీ?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. కెనడా ప్రభుత్వం దగ్గర కూడా ఉందని నేను అనుకోను. ఇద్దరిదీ ఒకే హోదా, ఒకే హక్కు, ఒకే రోజున తీరిన గడువు. ఒకరిని ఇంటికి చేర్చింది, ఇంకొకరిని ఆపింది మూడో దేశం ఇచ్చిన వీసా. కెనడా చట్టం ఇచ్చిన హక్కు అమెరికా కాన్సులేట్ దయ మీద ఆధారపడి ఉండడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

కౌంటర్‌లో ఉన్న వాళ్ళకు ఒకరి హోదా ఏమిటో ఎలా తెలుస్తుంది, కార్డు చూడక తప్పదు కదా అని కొందరంటారు. 2002లో ఈ మాట నిజమే. 2016 మార్చి నుంచి వీసా అక్కర్లేని దేశాల వాళ్ళకు కెనడా ఈటీఏ అనే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతిని తప్పనిసరి చేసింది. దాని ఫీజు 7 డాలర్లు. కాగితం ఉండదు, స్టాంపు ఉండదు, అది పాస్‌పోర్టు నంబరుకు ముడిపడి కంప్యూటర్‌లోనే ఉంటుంది. విమానం ఎక్కేముందే ఎక్కించవచ్చా లేదా అన్నది కౌంటర్‌కు తెలిసిపోతుంది. వారం రోజుల విహారానికి వచ్చే లండన్ పర్యాటకుడికి ఈ సౌకర్యం ఉంది. ఇక్కడే పని చేసి పన్నులు కట్టి, పిల్లల్ని ఇక్కడి బడిలో చదివించుకుంటున్న పీఆర్‌కి లేదు. ఈటీఏ తీసుకుందామన్నా పీఆర్‌లు దానికి అర్హులు కారు. వంతెన దగ్గర ఆఫీసర్ కంప్యూటర్‌లో చూసి నిర్ధారించుకున్న హోదా ప్రభుత్వం దగ్గర ఉన్నదే. దాన్ని పాస్‌పోర్టు నంబరుకు కలిపి, కౌంటర్‌కు అవునో కాదో ఒక్క మాట అందేలా చేస్తే చాలు. మోసాలు ఆపాలన్నా ప్లాస్టిక్ కార్డు కంటే అదే గట్టి పద్ధతి.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు మన తల్లిదండ్రుల గురించి. పిల్లలు స్పాన్సర్ చేస్తే పీఆర్ వచ్చి, చలికాలం ఇండియాలో, ఎండాకాలం ఇక్కడ గడిపే పెద్దవాళ్ళు ఎంతమందో. మోకాలి ఆపరేషన్ అనో, పొలం తగాదా అనో, మనవరాలి పెళ్ళనో అక్కడ ఉండిపోతారు. కార్డు తేదీ ఎవరూ చూడరు. వాళ్ళకు అమెరికా వీసా ఉండదు. ఉన్నా, డెబ్బై ఏళ్ళ మనిషిని బఫెలోలో దించి కారులో తీసుకురావాలంటే మనమే వెళ్ళాలి. పైగా, పీఆర్ హోదా నిలబడాలంటే ఐదేళ్ళలో 730 రోజులు కెనడాలో ఉండాలన్న లెక్క మీద ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది. "కొడుకు సిటిజన్ కదా, అతనితో పాటు ఇండియాలో ఉన్న రోజులు కూడా లెక్కలోకి వస్తాయి" అని. రావు. పౌరులైన భర్తతోనో భార్యతోనో బయట ఉన్న రోజులు లెక్కకు వస్తాయి. పౌరులైన తల్లిదండ్రులతో ఉన్న చిన్నపిల్లల రోజులు వస్తాయి. కొడుకు దగ్గరున్న తల్లి రోజులకు ఆ వెసులుబాటు లేదు. ఐదేళ్ళలో 730 రోజులు ఆమె ఇక్కడ ఉండాల్సిందే.

ఆ 730 రోజుల దగ్గరే నేను మన వాళ్ళతో కాస్త గట్టిగా మాట్లాడాలనుకుంటున్నాను. రోడ్డు దారిన రావడం దొంగదారి కాదు, చట్టం ఇచ్చిన దారే. రోజులు సరిపోయినవాళ్ళు తల ఎత్తుకుని రావచ్చు. సరిపోనివాళ్ళు కూడా రావచ్చు, కానీ నిజం చెప్పి రావాలి. "నెల క్రితమే వెళ్ళానని చెప్పేయ్, వాళ్ళకేం తెలుస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు తోటి తెలుగువాళ్ళకు చేస్తున్న అపకారం అంతా ఇంతా కాదు. 2019 నుంచి రోడ్డు సరిహద్దు దాటే వాళ్ళందరి వివరాలూ, 2020 నుంచి విమానాల్లో బయటికి వెళ్ళే వాళ్ళ వివరాలూ కెనడా దగ్గర నమోదవుతున్నాయి. ఆఫీసర్ అడిగే ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆయన ముందున్న తెర మీదే ఉంటుంది. రోజులు తక్కువైతే ఆయన మన మీద రిపోర్టు రాయొచ్చు, రాయకపోవచ్చు. రాసి, దేశం విడిచి వెళ్ళమని ఉత్తర్వు ఇచ్చినా అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది. అప్పీలు తేలేదాకా పీఆర్ హోదా అలాగే ఉంటుంది. తల్లి జబ్బు, పిల్లల చదువు లాంటి మానవీయ కారణాలు చూడాలని చట్టమే చెబుతోంది. అబద్ధం చెబితే మాత్రం కథ మారిపోతుంది. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే హోదా పోవడమే కాక ఐదేళ్ళ నిషేధం కూడా పడుతుంది. నిజం చెబితే చేతిలో ఉండే రక్షణ అంతా ఒక్క అబద్ధంతో కాలదన్నుకోవడమే.

లోపలికి వచ్చేశాక రెండేళ్ళు కదలకుండా కూర్చుని, 730 రోజులు నిండాకే కార్డుకు అప్లై చేయమని ఇంకో సలహా తిరుగుతుంటుంది. అది చట్టవిరుద్ధం కాదు. కానీ ఆ సలహా పాటించినవాళ్ళను నేను దగ్గరగా చూశాను. చెల్లెలి పెళ్ళి వీడియో కాల్‌లో చూసినవాళ్ళు, తండ్రి ఆఖరిచూపుకు వెళ్ళలేకపోయినవాళ్ళు ఉన్నారు. ఈ సలహా తేలిగ్గా ఇచ్చేవాళ్ళు ఆ రెండేళ్ళ బరువు గురించి కూడా చెప్పాలి.

పౌరసత్వం తీసుకుంటే ఈ గొడవే ఉండదు కదా అని అడిగేవారూ ఉన్నారు. ఐదేళ్ళలో 1,095 రోజులు నిండితే తీసుకోవచ్చు, నిజమే. కానీ ఇండియా రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకు ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు మీద వ్యవసాయ భూమి కొనలేం. వారసత్వంగా వచ్చిన నాలుగెకరాల పక్కన ఇంకో ఎకరం కొనాలని ఆశపడే మనిషికి, ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోవడానికి మనసొప్పని మనిషికి పీఆర్‌గా ఉండిపోవడం న్యాయమైన నిర్ణయమే. ఆ నిర్ణయానికి శిక్షగా ఇంటిదారి మూసేయకూడదు.

మన చేతిలో ఉన్నది మనం చేసుకోవాలి. గడువుకు 9 నెలల లోపు ఉన్నప్పటి నుంచే కార్డు రెన్యూవల్‌కి అప్లై చేయవచ్చు, ఫీజు 50 డాలర్లు. అయితే కెనడాలో ఉండే చేయాలి. ఇంట్లో వాళ్ళ జబ్బు, మరణం లాంటి కారణాలతో 3 నెలల లోపు ప్రయాణం ఉంటే అర్జెంటుగా చూడమని అడగవచ్చు. సీఓపీఆర్ కాగితం ఎక్కడుందో తెలియని ఇళ్ళు చాలా ఉన్నాయి. వెతికి, ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. పన్ను కట్టాక వచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్‌లు, జీతం స్లిప్పులు, పాత పాస్‌పోర్టులు పారేయకండి. అమ్మానాన్నల కార్డు తేదీ కొడుకులూ కోడళ్ళూ కూతుళ్ళూ తమ ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోవాలి. వాళ్ళకు వదిలేస్తే అది జరగదు.

కౌంటర్ దగ్గర హోదా కంప్యూటర్‌లో చూసే పద్ధతి కోసం మాత్రం అందరం కలిసి అడగాలి. పార్లమెంటుకు ఈ-పిటిషన్ పెట్టడానికి ఐదుగురు మద్దతుదారులు, స్పాన్సర్ చేసే ఒక ఎంపీ కావాలి. 500 చెల్లే సంతకాలు వస్తే ఎంపీ దాన్ని సభలో పెట్టవచ్చు. పెట్టాక 45 రోజుల్లో ప్రభుత్వం జవాబివ్వాలి. సంతకం పెట్టడానికి పౌరులే కానక్కర్లేదు, ఇక్కడ నివసిస్తే చాలు. అంటే ఓటు లేని పీఆర్‌లు కూడా పెట్టవచ్చు. ఉగాది సభకు ఒక్క సాయంత్రం వచ్చే జనం చాలు, 500 సంతకాలు అవుతాయి. ఈ ఏడు సభ దగ్గర ఒక బల్ల వేసి, పిటిషన్ ఎలా పెట్టాలో తెలిసిన ఇద్దరిని అక్కడ కూర్చోబెట్టమని మన తెలుగు సంఘం కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ ఇద్దరిలో ఒకరిగా నేను వస్తాను.