పిన్ను ఎక్కడున్నా ఫరవాలేదంటే ఎలా?

"బ్యాండ్‌సా మీద పక్కా గుండ్రం: ఏడు సీక్రెట్లు" అనే మెసేజ్ వడ్రంగి గ్రూపుల్లో మళ్ళీ తిరుగుతోంది. బ్యాండ్‌సా అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో చెక్క కోసే మిషన్. ఒకరు పంపిన గంటకే ఇంకొకరు అదే పంపుతున్నారు. పంపేవాళ్ళలో ఒక్కరైనా అందులో చెప్పినట్టు ఒక చపాతీ పీట కోసి చూశారా? చూసి ఉంటే రెండో పాయింటు దగ్గరే మిషన్ ఆపేసేవారు.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ. ఒకటి, జిగ్ (చెక్కని ఒక పిన్ను మీద గుచ్చి బ్లేడు దగ్గర గుండ్రంగా తిప్పే అమరిక) టేకుతోనే చెయ్యాలి. రెండు, పిన్ను ఎక్కడున్నా ఫరవాలేదు, బ్లేడుకీ పిన్నుకీ మధ్య దూరం సరిపోతే చాలు. మూడు, బ్లేడు ఎంత వెడల్పుంటే గుండ్రం అంత నున్నగా వస్తుంది. నాలుగు, సైజు బ్లేడు మందం నడిమధ్య నుంచి కొలవాలి. అయిదు, 14 అంగుళాల చక్రాలున్న మిషన్ మీద 14 అంగుళాలు దాటిన గుండ్రం కుదరదు. ఆరు, చిన్న గుండ్రాలకి గ్లౌజులు వేసుకుని వేళ్ళతో నొక్కి తిప్పాలి, బ్లేడు పట్టేస్తే మిషన్ నడుస్తుండగానే వెనక్కి లాగాలి. ఏడు, జిగ్ లేకపోయినా ప్లైవుడ్ ముక్క, మేకు, రెండు క్లాంపులు చాలు.

టేకు సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. అడుగు పలకకి 12 మి.మీ. ప్లైవుడ్ మేలు, ఎందుకంటే వానాకాలంలో అది పెద్దగా ఉబ్బదు. టేబుల్ గాడిలో జారే రన్నర్‌కి మాత్రం బాగా ఎండిన గట్టి చెక్క కావాలి. టేకు ఉంటే టేకు, లేకపోతే ఎండిన నల్లమద్ది. రన్నర్ గాడి లోతు కంటే అర మిల్లీమీటరు పల్చగా ఉండాలి, లేదంటే అడుగున పొట్టు చేరి పలక పైకి లేస్తుంది.

నాలుగో పాయింటు కూడా తప్పే. పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వంగి ఉంటాయి కదా. పిన్ను వైపు వంగిన పంటి మొన నుంచి పిన్ను నడిమధ్యకి కొలవాలి. కోత వెడల్పు 1 మి.మీ. ఉన్నప్పుడు బ్లేడు మధ్య నుంచి కొలిస్తే 250 మి.మీ. పీట 249 వస్తుంది. చపాతీ పీటకి అది లెక్కలోది కాదు. డబ్బాకి మూత కోసేవాళ్ళకి మాత్రం ఆ మూత వదులైపోతుంది.

ఇక రెండో పాయింటు. మెసేజ్ మొత్తంలో ఎక్కువ చెక్క పాడుచేసేది ఇదే. కాగితం మీద నిజంలా కనిపిస్తుంది కాబట్టి అందరూ నమ్ముతున్నారు. 250 మి.మీ. పీటకి పిన్ను 125 మి.మీ. దూరంలో ఉండాలి. అది పళ్ళ వరసకి సూటిగా ఉండకుండా 10 మి.మీ. ఇవతల, అంటే మనం నిలబడే వైపు ఉందనుకోండి. పైథాగరస్ లెక్క వేస్తే పిన్ను నుంచి పంటికి దూరం 125.4 మి.మీ. అవుతుంది. అర మిల్లీమీటరు తేడా కూడా లేదు. "చూశారా, దూరం సరిపోయింది" అని మెసేజ్ రాసినాయన అక్కడితో ఆగిపోయాడు.

కోత అక్కడితో ఆగదు. పంటి మొన దగ్గర చెక్క ఎప్పుడూ పిన్ను నుంచి ఆ మొనకి గీసిన గీతకి లంబంగా కదులుతుంది. ఆ గీత బ్లేడుకి మూలమట్టంగా ఉంటేనే చెక్క బ్లేడు వెంట నేరుగా వెనక్కి పోతుంది. 125కి 10 తేడా అంటే నాలుగున్నర డిగ్రీల వంకర. 10 మి.మీ. వెడల్పు బ్లేడులో ముందు పళ్ళ నుంచి వెనక అంచుకి వచ్చేసరికి అది 0.8 మి.మీ. పక్క తోపుడు. గుండ్రం వంపు వల్ల ఎలాగూ 0.4 మి.మీ. ఉంటుంది, దాన్ని బ్లేడు తట్టుకుంటుంది. దాని మీద ఇంకో 0.8 వేస్తే ఏమవుతుంది? బయటి వైపు చెక్క బ్లేడు వీపుని పీట వైపు నెడుతుంది. వీపు లోపలికి పోతే పళ్ళు బయటికి తిరుగుతాయి. కోత మొదలైన చోట తిన్నగా ఉన్న బ్లేడు చుట్టు పూర్తయ్యేసరికి మెలిపడి ఉంటుంది. అందుకే మొదలూ చివరా కలవవు. కలవాల్సిన చోట మెట్టు పడుతుంది. దాన్నే చాలామంది "చెక్క జరిగింది" అనుకుని మేకు ఇంకా గట్టిగా కొడుతున్నారు. మేకు తప్పేమీ లేదు.

పిన్ను పళ్ళ వరస దాటి అవతలికి పోతే తోపుడు కొంత తక్కువే, కానీ నష్టం ఎక్కువ. అప్పుడు లోపలి గోడ, అంటే పీట అంచు, బ్లేడు వీపుని బయటికి నెడుతుంది. పళ్ళు పీటలోకి దిగుతాయి. బయటికి పోయిన కోతని శాండింగ్‌తో సరిచేసుకోవచ్చు. లోపలికి దిగినదాన్ని ఎలా సరిచేస్తారు? పీట సైజు తగ్గించడం తప్ప దారి లేదు.

సరైన చోటు కనుక్కోవడం కష్టమేమీ కాదు. రన్నర్ గాడిలో పెట్టి, కింద రెండు వాషర్లు వేసి టేబుల్ కంటే కాస్త పైకి తేల్చండి. దాని మీద ఫెవికాల్ రాసి ప్లైవుడ్ పలక దించండి. ఆరాక అడుగు నుంచి స్క్రూలు బిగించి, రన్నర్‌కి కొవ్వొత్తి మైనం రుద్దండి. మిషన్ వేసి పలకని నేరుగా 200 మి.మీ. దాకా కోయనిచ్చి ఆపండి. బ్లేడు పూర్తిగా నిలిచాక, ప్లగ్గు తీసి, మూలమట్టాన్ని బ్లేడు పక్కకి ఆనించండి. పళ్ళకి ఆనిస్తే వంగిన పన్ను మట్టాన్ని వంకర చేస్తుంది, కాబట్టి పళ్ళ వెనక నున్నటి భాగానికే ఆనాలి. పంటి మొన దగ్గర నుంచి కుడి వైపుకి గీత గీయండి. పిన్ను ఉండాల్సింది ఆ గీత మీద.

ఆ గీత నడిమధ్యకి వచ్చేలా 30 మి.మీ. వెడల్పు గాడి ఒకటి కావాలి. గాడి తీసే రౌటర్ మిషన్ లేకపోతే 6 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు, 30 మి.మీ. ఎడంతో పలక మీద అతికించండి. గాడి తయారైపోయింది. అందులో జారే బద్ద పక్కలకి తగినంత బిగువుగా ఉండాలి, పై మట్టం గాడి అంచులని మించకూడదు. బద్ద చివర 4 మి.మీ. పిన్ను, 5 మి.మీ. పైకి. తల కోసేసిన మేకు చాలు. పీట అడుగున 4 మి.మీ. రంధ్రం, లోతు 6. పై మొహానికి రంధ్రం పడాల్సిన పని లేదు. చివరిగా పలక అడుగున, మన వైపు అంచుకి, టేబుల్ ముందంచుకి తగిలి ఆగేలా ఒక అడ్డు చెక్క. దాన్ని స్క్రూతో శాశ్వతంగా బిగించెయ్యకండి. అందులో ఒక బోల్టు పెట్టుకుంటే ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు.

ఎందుకు జరపాలంటే, చాలా మిషన్లలో బ్లేడు టేబుల్ గాడికి సమాంతరంగా కోయదు. ఒక బద్ద అంచుకి సమాంతరంగా గీత గీసి, దాని మీద చేత్తోనే నెమ్మదిగా కోసి, సగంలో ఆపి చూడండి. బద్ద అంచుకీ టేబుల్ గాడికీ మధ్య ఎంత వంకర ఉందో అదే బ్లేడు లాగుడు. అది రెండు డిగ్రీలుంటే 125 మి.మీ. వ్యాసార్ధానికి పిన్ను 4.4 మి.మీ. జరగాలి, 300 మి.మీ.కి పదిన్నర. ఒకే చోట బిగించిన అడ్డు చెక్క చిన్న పీటకి సరిపోయి పెద్ద బల్లకి మెట్టు పెట్టేది ఇందుకే. పై చక్రం వంపు సరిచేసి లాగుడునే పోగొట్టుకుంటే అన్నిటికంటే మంచిది. మొద్దుబారిన బ్లేడుతో మాత్రం ఏ సర్దుబాటూ నిలవదు.

సరిగ్గా కుదిరిందో లేదో చెక్కే చెబుతుంది. కొద్దిగా తిప్పి, ఆపి, కోత గోడలు చూడండి. బయటి ముక్క గోడ నల్లగా మెరుస్తుంటే పిన్ను ఇవతల ఉంది. పీట అంచు మెరుస్తుంటే అవతల ఉంది. ఒక్కో మిల్లీమీటరు చొప్పున బోల్టు తిప్పండి.

మూడో పాయింటు, వెడల్పు బ్లేడు. నేరుగా చీల్చేటప్పుడు నిజమే, గుండ్రానికి పూర్తిగా తలకిందులు. పావు అంగుళం బ్లేడు తిరగగలిగే అతి చిన్న వ్యాసార్ధం సుమారు 16 మి.మీ., అర అంగుళానికి 64, ముప్పావు అంగుళానికి 138. వెడల్పు రెట్టింపైతే వ్యాసార్ధం నాలుగింతలు కావాలి. మెసేజ్ సలహా విని ముప్పావు అంగుళం బ్లేడు వేసినవాళ్ళు 125 మి.మీ. వ్యాసార్ధం పీటని కోయనే లేరు. 25 మి.మీ. మందం మామిడి చెక్కకి 10 మి.మీ. బ్లేడు, అంగుళానికి 6 పళ్ళు ఉన్నది వేయండి. బ్లేడు పక్కలకి కదలకుండా పట్టే పై గైడ్ చెక్క మీదికి 5, 6 మి.మీ. ఎత్తులో ఉండాలి.

చెక్క ముక్కని కూడా సరిగ్గా 250 చదరం కోయకండి. 265 ఉంచండి. 250 ఉంటే బ్లేడు అంచుని గీరుకుంటూ బయటికి జారిపోతుంది. పిన్ను కుడి వైపు ఉంటుంది కాబట్టి పై నుంచి చూస్తే చెక్క గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి.

అయిదో పాయింటు రాసినవారు మిషన్ పక్కన నిలబడి చూడలేదనే అనుకోవాలి. పిన్ను ఉండేది కుడివైపు, అక్కడ అడ్డేమీ లేదు. 600 మి.మీ. గుండ్రానికి 615 చదరం పెడితే ఎడమవైపున్న మిషన్ స్తంభం వైపుకి పోయేది మూలలే, అవీ సుమారు 135 మి.మీ. మాత్రమే. 14 అంగుళాల మిషన్‌లో దానికి చోటు ఉంది. తక్కువయ్యేది టేబుల్. పలకని కుడివైపుకి పొడిగించి కింద ఒక కాలు పెట్టాలి, లేదంటే చెక్క వాలి పిన్ను నుంచి లేచిపోతుంది.

ఆరో పాయింటు ఫార్వర్డ్ చేసినవాళ్ళ మీద కోపం దాచుకోలేను. బ్యాండ్‌సా దగ్గర గ్లౌజులా? బ్లేడు సెకనుకి సుమారు 15 మీటర్ల వేగంతో కిందికి పోతుంటుంది. వట్టి వేలు బ్లేడుకి తగిలితే తెగుతుంది, చెయ్యి వెనక్కి లాక్కుంటాం. గ్లౌజు పోగు పంటికి చిక్కితే వెనక్కి లాక్కునే అవకాశమే ఉండదు, చెయ్యి మొత్తం బ్లేడు మీదికి పోతుంది. గ్లౌజు బ్లేడు మార్చేటప్పుడు వేసుకోండి, మిషన్ ఆగి ఉన్నప్పుడు. నడుస్తున్నప్పుడు గ్లౌజు, ఉంగరం, వదులు చొక్కా చేతులు, మణికట్టు దారాలు ఏవీ వద్దు. 100 మి.మీ. కంటే చిన్న గుండ్రానికి వేళ్ళతో నొక్కే పనే పెట్టుకోకండి. రెండు వైపులా అంటుకునే టేపుతో పైన ఒక పిడి చెక్క అతికించి, దాన్ని పట్టుకుని తిప్పండి. చెయ్యి బ్లేడుకి దూరంగా ఉంటుంది.

నడుస్తుండగా వెనక్కి లాగమనడం ఇంకా ఘోరం. వంపు కోతలో చెక్కని వెనక్కి లాగితే అది బ్లేడుని తనతోపాటు ముందుకి లాక్కొస్తుంది. బ్లేడు వెనక ఉండే బేరింగు దాన్ని వెనక్కి పోకుండా ఆపుతుంది కానీ ముందుకి రాకుండా ఆపలేదు, బ్లేడు చక్రాల మీద నుంచి ఊడిపోవచ్చు. పట్టేస్తే స్విచ్ ఆపండి. బ్లేడు నిలిచేదాకా ఆగండి. పై గైడ్ ఎత్తి, చెక్కని పిన్ను మీద నుంచి పైకి తేల్చి, అప్పుడు మెల్లగా సడలించండి. చుట్టు పూర్తయినప్పుడూ అంతే. నడుస్తుండగా జిగ్‌ని వెనక్కి లాగితే పూర్తయిన పీట అంచుకి గాటు పడుతుంది.

మిగిలింది ఏడో పాయింటు. తిట్టడానికే చదవడం మొదలుపెట్టినా, ఇది నిజమే. ఒకటి రెండు పీటలకి పైన చెప్పిన రన్నరూ, జారే బద్దా, బోల్టూ ఏవీ అక్కర్లేదు. ప్లైవుడ్ ముక్కలోకి బ్లేడు వెడల్పుని మించి కోసి, మిషన్ ఆపి, దాన్ని అక్కడే టేబుల్‌కి రెండు క్లాంపులతో బిగించి, పంటి మొన నుంచి మూలమట్టంగా గీత గీసి, ఆ గీత మీద మేకు కొట్టి తల కోసేస్తే గుండ్రం జిగ్‌తో వచ్చినంత చక్కగానే వస్తుంది. ఒకటే తేడా, ముక్కని జరుపుతూ లోపలికి తేలేం. అందుకని పిన్ను మీద పెట్టేముందే చదరం ఒక అంచుని, అడుగున ఉన్న రంధ్రం నుంచి సరిగ్గా 125 మి.మీ. దూరంలో, రంధ్రం పంటి మొనకి సూటిగా వచ్చే చోటు దాకా చేత్తో కోసి ఉంచుకోవాలి. మిషన్ ఆగి ఉన్నప్పుడే ఆ కోతలో బ్లేడు కూర్చోబెట్టి, రంధ్రం మేకు మీదికి దించి, తర్వాత స్విచ్ వేయాలి. మేకు ఎక్కడ కొట్టాలో మాత్రం రెండో పాయింటుని అడగకండి.