కేటలాగు గారూ, మా మామయ్య ఏడీ?

కాంపాక్ట్ కెమెరాల కేటలాగు గారికి,

మొన్న బీరువా సర్దుతుంటే పాత గ్యాస్ బిల్లుల కింద దొరికారు మీరు. 2009లో చెల్లి పెళ్లికని కెమెరా కొనడానికి కోఠి వెళ్తే, షాపు కుర్రాడు మిమ్మల్ని నా చేతిలో పెట్టి "చూస్తూ ఉండండి సార్, టీ చెప్తా" అన్నాడు. టీ వచ్చింది, తాగాను, ఖాళీ గ్లాసూ వెళ్లిపోయింది. నేనింకా ఏడో పేజీలోనే ఉన్నాను.

ఒక్క కంపెనీకి ఇరవై రెండు మోడళ్లేమిటండీ? 80కీ 90కీ తేడా ఏమిటని కుర్రాణ్ణి అడిగితే, కాసేపు ఆలోచించి "పది సార్" అన్నాడు. మీ బంధువర్గమంతా ఇంతే లెండి. కానన్ వాళ్లు 2007లో ఒకే కెమెరాకు యూరప్‌లో ఇక్సస్ 70, అమెరికాలో ఎస్‌డీ 1000, జపాన్‌లో ఇక్సీ డిజిటల్ 10 అని పేర్లు పెట్టారు. దేవుళ్లకి తప్ప అన్ని పేర్లు ఎవరికుంటాయి?

10 మెగాపిక్సెళ్ల (అంటే కోటి చుక్కల) కంటే 12 గొప్పదని మీరే చెప్పారు. ఇంట్లో లెక్కేసుకుంటే ఫొటో వెడల్పు పదో వంతు కూడా పెరగలేదు. ఆల్బంలో అంటించే 6×4 అంగుళాల ప్రింటుకైతే 22 లక్షల పిక్సెళ్లు చాలు. ఫొటో మధ్య ముక్కను కత్తిరించి సాగదీసే డిజిటల్ జూమ్ సంగతి సరేసరి, దోసెల పిండిలో చెంబుడు నీళ్లు పోసి "ఎంత పెరిగిందో చూడండి" అన్నట్టుంది.

లోపల వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిప్పు, అదే సెన్సారు, 1/2.3 అంగుళం అన్నారు. భాగిస్తే 11 మిల్లీమీటర్లు రావాలి. ఉన్నది 6 చిల్లర వెడల్పు, నాలుగున్నర ఎత్తు. ఆ అంగుళం లెక్క పాత టీవీ కెమెరాల్లోని గాజు గొట్టానిదట, అదీ బయటి కొలత! డబ్బాతో కలిపి నెయ్యి తూచే కొట్లు చూశాను గానీ, డబ్బా మ్యూజియానికి వెళ్లిపోయాక కూడా దాని బరువు కలిపే కొట్టు మీదొక్కటే.

నాతో వచ్చిన అమ్మ అడిగింది ఒక్కటే. "ఒరే, ఇందులో అందరం పడతామా?" కుర్రాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

దానికి జవాబు మీ చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. లెన్సు జూమ్ ఫిల్ము కెమెరా లెక్కలో 35 మిల్లీమీటర్ల దగ్గర మొదలైతే (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పు పడుతుంది), 10 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోలో సుమారు 10 అడుగుల వెడల్పే పడుతుంది. 28 దగ్గర మొదలైతే 12 అడుగులు దాటుతుంది. ఆ రెండడుగుల్లో ఒక మామయ్య హాయిగా నిలబడొచ్చు. ముఖాలు నవ్వితే దానంతటదే క్లిక్‌మంటుందన్న ముచ్చటకేమో మీరు నిండు పేజీ ఇచ్చారు.

నేను 35 కొన్నాను. ఎర్ర రంగు, పైగా పౌచ్ ఫ్రీ.

మా హాలు మీరు చూడలేదు. గోడకు వీపు ఆనించినా వెనక్కి జరగడానికి 10 అడుగులే. పెళ్లికూతుర్ని చేసిన రోజు ఫొటోలో చెల్లి ఉంది, అమ్మ ఉంది, పిన్నులు ముగ్గురూ ఉన్నారు. పెద్దమామయ్యది ఎడమ భుజం ఉంది, 12 మెగాపిక్సెళ్లలో.

ఇట్లు,
ఆ భుజాన్ని ఆల్బంలో అంటించినవాడు