న్యూయార్క్ కుడితి పాల గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కుడితి పాల గారికి,

పాలు అని పిలుద్దామంటే డాక్టర్లు ఒప్పుకోలేదు, సారా అని పిలుద్దామంటే మీలో కిక్కు లేదు, అందుకని చివర గారు ఒకటి తగిలించి సరిపెట్టుకుంటున్నా. ఏమీ అనుకోకండి, మిమ్మల్ని గౌరవించిన వాళ్ళలో నేను మొదటివాణ్ణి కాదు, న్యూయార్క్ నగర కౌన్సిల్ నాకంటే ముందే చాలా గౌరవించింది, ఆ సంగతికి తర్వాత వద్దాం.

ముందు మీ జాతకం, అంటే విస్కీ బట్టీ మడ్డి మేపిన ఆవుల నుంచి మీరెలా పుట్టారో. అసలు ఐడియా ఎంత బావుందో చూడండి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో, నది అవతల బ్రూక్లిన్‌లో విస్కీ బట్టీలు బాగా పెరిగాయి, మొక్కజొన్న రై గింజలు ఉడకబెట్టి పులియబెట్టి సారా అంతా లాగేశాక మిగిలేది సలసలా కాగే మడ్డి, రోజూ పీపాలకి పీపాలు, దాన్ని ఎక్కడో ఒకచోట పారబొయ్యాలి కదా. అదిగో అక్కడ ఎవరికో బల్బు వెలిగింది. బట్టీ పక్కనే ఆవుల కొట్టాలు కట్టి, బట్టీ నుంచి తొట్ల దాకా చెక్క కాలవ వేసేస్తే మడ్డి దానంతటదే ఆవు మూతి కిందకి వచ్చేస్తుంది, గడ్డి కొనక్కర్లేదు, పొలం అక్కర్లేదు, మేపడానికి మనిషి అక్కర్లేదు. బట్టీ ఓనర్‌కి చెత్త పోయింది, పైగా ఆవుకి ఇంత అని డబ్బులు. పాలవాడికి చవగ్గా మేత. అమ్ముకోడానికి పక్కనే ఊరు. ఇంతమందికి ఒకేసారి లాభం వచ్చే ఏర్పాటుని నేనైతే ఇంకోటి చూళ్ళేదు, అందులో లాభం లేనిది ఇద్దరికే, ఒకటి ఆవు, రెండోది సీసాలో పాలు తాగే పసిబిడ్డ, ఆ ఇద్దరికీ ఓటు లేదు.

కుడితి అంటే మాకు చిన్నచూపు లేదండీ, అది ముందే చెప్పెయ్యాలి. మా ఊళ్ళల్లోనూ బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరల తొక్కలు, గుప్పెడు తవుడు వేసి తొట్లో పెడితే గేదె చప్పరించి తాగుతుంది. కానీ తాగి బయటికి పోతుంది, చెరువులో పడుకుంటుంది, గట్ల మీద గడ్డి కొరుకుతుంది. మీ ఆవు ఎక్కడికీ పోదు. ఒకసారి కొట్టంలో కట్టేస్తే మళ్ళీ బయటికొచ్చేది చచ్చాకే. మొదట్లో ఆ వేడి మడ్డి వాసనకే మొహం తిప్పుకునేదట, తర్వాత వేరే గతి లేక అలవాటు పడిపోయేదట. నమిలే పని లేని మేత, ఊపిరాడని కొట్టం, కొన్నాళ్ళకి పళ్ళు పుచ్చి రాలిపోయేవి, ఒంటి నిండా పుళ్ళు.

ఇక తోక సంగతి. మీ కొట్టాల్లో ఆవులకి ఊపిరితిత్తుల జబ్బు ఒకటి అంటుకునేది, దానికి పాలవాళ్ళు కనిపెట్టిన టీకా ఏంటంటే, జబ్బుతో చచ్చిన ఆవు ఊపిరితిత్తి ముక్క తీసి, బతికున్న ఆవు తోకకి గాటు పెట్టి అందులో దూర్చడం. కొన్ని ఆవులు తట్టుకున్నాయి, చాలావాటికి తోక కుళ్ళి ఊడిపోయింది. అందుకే ఊళ్ళో జనం మీకు మొండితోక పాలు అని ముద్దుపేరు పెట్టారు. లేచి నిలబడలేని ఆవుని కప్పు నుంచి తాళ్ళు, పట్టీలు వేసి పైకి వేలాడదీసి పాలు పిండుతున్న బొమ్మ ఒకటి అప్పటి పత్రికలో అచ్చయింది, నేను చూశాను, ఆ పాలు పిండేవాడు మాత్రం రోజూ చేసే పనే అన్నట్టు స్టూల్ మీద కూర్చుని ఉంటాడు.

అలా పుట్టిన మీరు చూడ్డానికి పల్చగా నీలంగా ఉండేవాళ్ళు, వెన్న తీద్దామంటే వెన్న రాదు. మరి మార్కెట్‌కి ఆ మొహంతో ఎలా వెళ్తారు, అందుకని మేకప్. చిక్కదనానికి పిండి, తెలుపుకి సుద్ద, కాస్త రంగు తేలడానికి బెల్లపు పాకం లాంటి మొలాసిస్, మిగతాదంతా పంపు నీళ్ళు. తెల్లనివన్నీ పాలు కాదు అని మా వాళ్ళు ఊరికే అన్లేదు. ఆ తర్వాత బండెక్కి, బండికి పెద్ద అక్షరాలతో "స్వచ్ఛమైన పల్లె పాలు" అని రాయించుకుని, గంట కొట్టుకుంటూ వీధి వీధికీ. నిజంగా పల్లె నుంచి వచ్చే పాలు లేకపోలేదు, 1842 నుంచి ఈరీ రైల్లో ఆరెంజ్ కౌంటీ పాలు ఊళ్ళోకి దిగేవి, అవి ఖరీదు, పైగా దిగాక వాటికీ నీళ్ళు పట్టేవాళ్ళు. మీరు వెంటనే ఆ ఆరెంజ్ కౌంటీ పేరు కూడా బండి మీద రాయించేసుకున్నారు, మీ స్పీడ్‌కి జోహారు.

అదే 1842లో రాబర్ట్ హార్ట్‌లీ అని మద్యపాన వ్యతిరేక సంఘం మనిషి ఒకాయన మీ గురించి పెద్ద పుస్తకమే రాశాడు. ఆయన వెళ్ళింది విస్కీ మీద యుద్ధానికి, బట్టీ వెనక్కి వెళ్ళి చూస్తే మీరు కనపడ్డారు. తాగుబోతు తండ్రి ముందు నుంచి విస్కీ కొనుక్కెళ్తుంటే, అదే బట్టీ వెనకనుంచి వాడి బిడ్డకి పాలు వెళ్తున్నాయి, ఇంటిల్లిపాదినీ ఒకే బట్టీ పోషిస్తోంది. చదివినవాళ్ళు అయ్యో అన్నారు. తర్వాత పదహారేళ్ళు మీరు హాయిగా ఉన్నారు.

1858 మేలో ఫ్రాంక్ లెస్లీ అనే ఆయన తన బొమ్మల వారపత్రికలో మీ కొట్టాల మీద వరసగా కథనాలు వేశాడు, వెస్ట్ 16వ వీధి బట్టీ, బ్రూక్లిన్ కొట్టాలు, అన్నీ బొమ్మలతో సహా. చదవడం రానివాడికి కూడా తోకలేని ఆవు అర్థమవుతుంది కదండీ. మీ బండి ఏ వీధుల్లో ఏ ఇళ్ళ ముందు ఆగుతోందో కూడా అచ్చేశాడు. ఊరు అట్టుడికింది. ఏడాదికి 8,000 మంది పసిపిల్లల చావుకి మీరే కారణమని అప్పటి పత్రికల్లో లెక్క వచ్చింది. ఆ లెక్క మొత్తం మీ ఖాతాలో వెయ్యడం అన్యాయమేమో, మురికివాడల నీళ్ళకీ ఎండాకాలం విరేచనాలకీ కూడా అందులో వాటా ఉండే ఉంటుంది, కానీ సగం కొట్టేసినా మీ పేరు చిన్నదవదు.

ఇప్పుడు కౌన్సిల్ వారి గౌరవం. జనం గోల భరించలేక ఆల్డర్మన్లతో, అంటే మన కార్పొరేటర్ల లాంటి వాళ్ళతో, ఒక కమిటీ వేశారు. అందులో మైకేల్ టూమీ గారు ముఖ్యులు. కమిటీ తనిఖీకి వస్తోందని కొట్టాలవాళ్ళకి ముందే కబురు అందిందనీ, అక్కడ పెద్దలు పాలకంటే విస్కీ మీద ఎక్కువ శ్రద్ధ చూపించారనీ పత్రికలు రాశాయి. విచారణలో బట్టీ మనుషులు మంచి సాక్షులు, ఫిర్యాదు చేసినవాళ్ళేమో బోనులో ముద్దాయిల్లా నిలబడ్డారు. చివరికి రిపోర్ట్ ఏంటయ్యా అంటే, ఈ పాలల్లో పెద్ద దోషం ఏమీ లేదు, కొట్టాలకి కాస్త గాలీ వెలుతురూ పెంచితే చాలు. గాలీ వెలుతురూనట! తోక ఊడిన ఆవుకి కిటికీ పెట్టించమన్నారు. లెస్లీ ఊరుకుంటాడా, ఆల్డర్మన్లు బ్రష్షులు పట్టుకుని ఆవుకి సున్నం కొడుతున్నట్టు కార్టూన్ వేయించాడు, అంటే తప్పుని కప్పిపుచ్చుతున్నారని. టూమీ గారికి పరువు గుర్తొచ్చి పరువునష్టం కేసు పెట్టారు, లెస్లీని అరెస్ట్ కూడా చేశారు, కేసు నడపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, అంటే గ్రాండ్ జ్యూరీ, మాత్రం ఆ కేసు ముందుకి పోనివ్వలేదు. ఆవు పెట్టాల్సిన పరువునష్టం కేసు ఆయన పెట్టాడేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చట్టం రావడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది, 1862లో న్యూయార్క్ రాష్ట్రం కల్తీ పాల మీదా ఇరుకు కొట్టాల మీదా చట్టం చేసింది, అందులో సందులు ఉన్నాయని 1864లో మళ్ళీ దిద్ది, బట్టీ మడ్డి తిన్న ఆవు పాలు ఒంటికి పనికిరానివే అని తేల్చి, పాలల్లో ఐసు తప్ప ఏది కలిపినా కల్తీయే, నీళ్ళతో సహా, అని రాశారు. నీళ్ళు కూడా కల్తీయే అని కాగితం మీద రాయాల్సి వచ్చిందంటే ఎంతమంది లాయర్లు నీళ్ళ తరఫున వాదించి ఉంటారో ఆలోచించండి. అయినా మీరు వెంటనే పోలేదు, 1866లో పెట్టిన ఆరోగ్య బోర్డు తర్వాత కూడా ఊరి చివర బట్టీల దగ్గర మిమ్మల్ని పట్టుకుంటూనే ఉన్నారు.

మీ పుణ్యమా అని బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు లెండి. గెయిల్ బోర్డెన్ 1856లో పాలు చిక్కబరిచే పేటెంట్ తీసుకుని డబ్బా పాలు అమ్మడం మొదలెట్టాడు, మీకు భయపడ్డ తల్లులే ఆయనకి పబ్లిసిటీ, తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో సైన్యం కొనడంతో ఆయన దశ తిరిగింది. 1893లో నేథన్ స్ట్రాస్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ వ్యాపారి పేద పిల్లల కోసం పాశ్చరైజ్ చేసిన పాల కేంద్రాలు తెరిచాడు. హార్ట్‌లీ పుస్తకానికీ దానికీ మధ్య యాభై ఏళ్ళు, అంటే మీ పాలు తాగి బతికి బట్టకట్టిన పిల్లకి మనవలు పుట్టేంత టైమ్.

ఇప్పుడా పదహారో వీధి ప్రాంతం చెల్సీ అని మహా ఖరీదైన పేట, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, మనవాళ్ళు కూడా చాలామందే పనిచేస్తారు, పొద్దున్నే కాఫీ షాప్ లైన్లో నిలబడి ఓట్ పాలా బాదం పాలా అని తేల్చుకోలేక ఇబ్బంది పడుతుంటారు. ఆవు పాలంటే ఎందుకో నమ్మకం లేదట.

ఇంకో విషయం, మీ పుట్టింటివాళ్ళు క్షేమం. బట్టీ మడ్డిని ఇప్పుడు ఎండబెట్టి డీడీజీఎస్ అని బస్తాల్లో అమ్ముతున్నారు, అమెరికాలో మొక్కజొన్న ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి, మన దగ్గర బియ్యం, మొక్కజొన్న ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి పశువుల దాణాలోకీ కోళ్ళ మేతలోకీ పోతోంది, మిగతా మేతతో లెక్క ప్రకారం కలిపితే మంచి ప్రొటీనే, ఏ గొడవా లేదు. అంటే మడ్డి తప్పు ఎప్పుడూ పెద్దగా లేదన్నమాట. అది తప్ప ఇంకేం పెట్టకుండా, ఆవుని కదలనివ్వకుండా, చచ్చేదాకా పిండి, ఆ వచ్చినదానికి సుద్ద కలిపి, దాని మీద కమిటీ వేసి బాగుందనిపించిన మనుషులున్నారే, వాళ్ళని ఎండబెట్టి బస్తాల్లో కట్టే టెక్నాలజీ ఇంకా రాలేదు.

ఇట్లు,
పొద్దున్నే టోన్డ్ పాల ప్యాకెట్ కత్తిరించే ఒక వినియోగదారుడు

తా.క.: జవాబు రాయదలచుకుంటే దయచేసి కాగితం మీద రాయండి. బండి మీద రాసేవి మేం నమ్మడం మానేశాం.