సవరణ: మోసంతో రాయించుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదా?

మోసం చేసిగానీ బెదిరించిగానీ సంతకం పెట్టించుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదని గత వారం రాశాను. అది తప్పు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలాంటి ఒప్పందం, నష్టపోయిన పక్షం కోరుకుంటేనే రద్దవుతుంది. వారు రద్దు చేసుకునేంతవరకు అది అమల్లోనే ఉంటుంది.

ఈ తేడా చిన్నది కాదు. ఇక్కడే చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్న మా బంధువొకరు బెదిరింపులకు లొంగి ఇంటి కాగితాల మీద సంతకం పెట్టారు. నా మాట చదివి, "చెల్లని కాగితానికి కోర్టు దాకా ఎందుకు బాబూ" అని ఊరుకోబోయారు. దస్తావేజు రద్దుకు దావా వేయాలంటే, రద్దు కోరే హక్కునిచ్చే సంగతులు తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే గడువు. ఆయన అలాగే ఊరుకుని ఉంటే ఆ నష్టానికి నేనే కారణమయ్యేవాణ్ణి.

పొరపాటు సంగతి వేరు. ముఖ్యమైన వాస్తవం విషయంలో ఇరుపక్షాలూ పొరబడితే 20వ సెక్షన్ కింద ఒప్పందం నిజంగానే చెల్లదు. ఒక్కరే పొరబడితే అంతమాత్రాన రద్దు కాదు.

బెదిరింపంటే ఎదుటివారి మీద కత్తి దూయడమేనన్న అర్థం వచ్చేలా రాసిన వాక్యాన్ని కూడా ఉపసంహరించుకుంటున్నాను. భర్త ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించగా భార్య, కొడుకు రాసిచ్చిన హక్కు విడుదల పత్రాన్ని, బలవంతం మీద రాసిచ్చినదిగానే మద్రాసు హైకోర్టు 1917లో పరిగణించింది.